తేరగా వచ్చిన మంత్రం

అల్ సద్‌లోని మా ఫ్లాటులో శుక్రవారం భోజనాలయ్యాక డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. అయిదుగురం. ఆట నడిపేవాణ్ణి, అంటే డీఎంని, నేనే. పుస్తకాలు 2003 నాటి మూడున్నర కూర్పువి. కొత్తవి కొనమని కుర్రకారు ఎంత పోరినా నేను వినలేదు. పోయిన వారం అసలు ఆట సాగలేదు. స్పెషలిస్టు మాంత్రికుడి మీద మేం పెట్టుకున్న ఇంటి రూలు మార్చాలని నలుగురూ ఒకటయ్యారు. కూడదని నేను. చాయ్ చల్లారింది గానీ వాదన చల్లారలేదు. వచ్చే శుక్రవారం ఓటింగు. ఓడిపోతానని తెలుసు కనక, అక్కడ అరుపుల మధ్య చెప్పలేకపోయింది ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆట తెలియనివాళ్ళకి కాస్త ఉపోద్ఘాతం. ఇందులో మంత్రాలన్నిటినీ 8 విద్యలుగా పంచారు. నిప్పులూ పిడుగులూ కురిపించేది ఇవొకేషన్. లేనిదాన్ని రప్పించేది కంజురేషన్. ఉన్నదాన్ని మరోలా మార్చేది ట్రాన్స్‌మ్యుటేషన్. కనికట్టు ఇల్యూజన్. మిగతావి మనకిప్పుడు అక్కర్లేదు. మాంత్రికుడు అన్నీ తలా కాస్తా నేర్చుకోవచ్చు, లేదా ఒకదాంట్లో స్పెషలిస్టు కావచ్చు. అయితే గనక ప్రతి స్థాయిలోనూ రోజుకి ఒక మంత్రం అదనం. బదులుగా రెండు విద్యలు శాశ్వతంగా వదులుకోవాలి (జోస్యం వాడికి మాత్రం ఒకటి వదిలితే చాలు). వదిలిన విద్యలోని మంత్రాన్ని చుట్టలో రాసి చేతిలో పెట్టినా ప్రయోగించలేడు.

ఒక్కటేగా అదనం అనకండి. అయిదో లెవెల్లో మామూలు మాంత్రికుడికి, తెలివితేటల వల్ల కలిసొచ్చేది పక్కన పెడితే, మూడో స్థాయి మంత్రం రోజుకి 1. స్పెషలిస్టుకి 2. జీతం రెట్టింపన్నమాట.

మరి దానికి చెల్లించేదేమిటి? ఏ రెండు విద్యలు వదలాలో ఎంచుకునేది ఆటగాడే. చిక్కంతా ఇక్కడే ఉంది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి చూసే ఉంటారు. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, ఆ తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి పృచ్ఛకుడు దానికి అడ్డం పడతాడు. సభ ఊపిరి బిగబట్టేది అందుకే. అదే అవధానిగారే లేచి, "నాకు నేనుగా ఙకారాన్నీ ఌకారాన్నీ నిషేధించుకుంటున్నాను" అంటే? శాలువా మాట దేవుడెరుగు, జనం లేచిపోతారు. మూడున్నర కూర్పులో స్పెషలిస్టు చేసేది సరిగ్గా ఇదే.

పాతవాళ్ళు ఇంత అమాయకులు కారు. 1989 నాటి రెండో కూర్పులో ఏ విద్యవాడికి ఏవి నిషిద్ధమో పుస్తకమే తేల్చేసింది. 2000 నాటి మూడో కూర్పులో జాబితాలోంచి ఎంచుకోనిచ్చారు. 2003కి వచ్చేసరికి గేట్లెత్తేశారు. సరే, అంతటితో ఆగారా? అప్పటిదాకా ట్రాన్స్‌మ్యుటేషన్‌లో ఉన్న టెలిపోర్టు మంత్రాన్ని తెచ్చి కంజురేషన్‌కి కట్టబెట్టారు. 2004లో వచ్చిన కంప్లీట్ ఆర్కేన్ పుస్తకం నిప్పుగోళం, ఆమ్లగోళం లాంటివి కూడా కంజురేషన్‌కే ఇచ్చింది. మంత్రాన్ని తట్టుకునే శక్తి ఉన్న జీవాలకి కూడా ఆ గోళాల ముందు ఆ శక్తి పనిచేయదు. ఇంకేముంది, కంజురర్ గారు "ఇవొకేషన్ వదిలేశాను మహాప్రభో" అని త్యాగరాజులా మొహం పెట్టి, వెనక్కి తిరక్కుండానే నిప్పు విసురుతాడు!

ఈ జబ్బుకి మొదట్లో నేనో మొరటు వైద్యం చేశాను, ఒప్పుకోవాలి. స్పెషలిస్టులందరికీ మొదటి రెండు స్థాయిల్లో ఆ అదనపు మంత్రం తీసేశాను. కంజురర్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. దెబ్బంతా కనికట్టువాడికి తగిలింది. నెల తిరక్కుండా ఆ రూలు ఎత్తేశాం.

దాని తర్వాత పెట్టుకున్నదే ఇప్పుడు గొడవకి వచ్చిన రూలు. స్పెషలిస్టు ఒక విద్యని తనే వదులుకుంటాడు. రెండోది మిగతా ఆటగాళ్ళు కొట్టేస్తారు. అదీ పాత్ర తయారుచేసే రోజునే, అందరి ముందూ. మధ్యలో మార్చడాల్లేవు.

మా కరీంనగర్ కుర్రాడు కనికట్టు తీసుకున్నాడు. తను ఇవొకేషన్ వదిలాడు. మేం కంజురేషన్ కొట్టేశాం. అంటే నిప్పూ లేదు, ఆమ్లమూ లేదు. ఓ సాయంత్రం వంతెన మీద రెండు ట్రోళ్ళు ఎదురయ్యాయి. ట్రోలు గాయాలు మానడమే మానడం, నిప్పో ఆమ్లమో తగిలితే తప్ప చావదు. మావాళ్ళ నూనె అయిపోయింది. కుర్రాడు చాలాసేపు కాగితం చూసుకుని, వంతెన అంటుకున్నట్టు మేజర్ ఇమేజ్ వేశాడు. మంట కనబడుతుంది, చిటపటలు వినబడతాయి, వేడి కూడా తగులుతుంది. కాలేది మాత్రం ఏమీ లేదు. ట్రోళ్ళు వెనక్కి తగ్గాయి. లేని మంటలోంచి మావాళ్ళు పరిగెత్తి అవతలి ఒడ్డుకి చేరారు. ఇంతకాలం ఆట నడిపాను గానీ అందరూ కుర్చీల్లోంచి లేవడం ఆ ఒక్కరోజే చూశాను. వాడి దగ్గర ఫైర్‌బాల్ ఉంటే పాచికలు దొర్లించి, అంకెలు కూడి, సమోసాలకి లేచేవాళ్ళం.

ఇప్పుడు రూలు మార్చమని అడుగుతున్నది ఎవరనుకున్నారు? ఆ కుర్రాడే!

వాడి ప్రతిపాదన 2009 నాటి పాత్‌ఫైండర్ పద్ధతి: నిషేధం ఉండదు, వదిలిన విద్యలో మంత్రం కావాలంటే రెండు మంత్రాల చోటు ఖర్చుపెట్టాలి. వినడానికి న్యాయంగానే ఉంది. అయిదో లెవెల్లో నిజంగా ఖరీదే, ఒక్క ఫైర్‌బాల్‌కే రెండు చోట్లు పోతాయి. పదో లెవెల్‌కి చేరాక మూడో స్థాయిలోనే 4 ఉంటాయి, పైన నాలుగో స్థాయివీ అయిదో స్థాయివీ వేరే. అప్పుడా రెండూ చిల్లర డబ్బులు. లెవెల్ పెరిగేకొద్దీ కరిగిపోయేదాన్ని మూల్యం అనను నేను. త్యాగమే వద్దనుకుంటే 2014 నాటి అయిదో కూర్పులా నిషేధాన్ని పూర్తిగా ఎత్తేయండి, అది నిజాయితీ. కాలే మంటా కావాలి, మంట లేనివాడి గొప్పతనమూ కావాలంటే ఎలా?

అయితే వాడన్న మాటొకటి ఇంకా గుచ్చుకుంటోంది. "నీకేమన్నా, నీకు వంతెన కథ మిగిలింది. మూడు వారాలు ఖాళీగ కూసున్నది నేను. వారానికి ఉన్నయే నాలుగు గంటలు."

నిజమే. వంతెనకి ముందు మూడు వారాలపాటు వాళ్ళని ఓ సమాధిలో తిప్పాను. నిండా అస్థిపంజరాలు. మనసే లేనివాటి మీద కలర్ స్ప్రే పనిచేయదు. పక్కవాడు గోళాలు విసురుతుంటే వీడు పాచికలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ సమాధి తయారుచేసింది రూలు కాదు, నేను. వాడి చేతిలో ఏం లేదో తెలిసి, అదే అవసరమయ్యే చోటికి మూడు వారాలు తీసుకెళ్ళాను. పృచ్ఛకుడు అడ్డం పడాలి గానీ గొంతు నొక్కకూడదు కదా. ఈ తప్పు ఓటింగుకి ముందే అందరి ముందూ ఒప్పుకుంటాను. ఇకమీదట వరసగా రెండు వారాలు ఎవరి విద్యకీ పని లేకుండా పోతే, మూడో వారం ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళనే చెప్పమంటాను.

రూలు మాత్రం ఉండాలనే అంటాను. నలుగురూ చేతులెత్తితే మారుతుంది, డీఎంనని అడ్డు చెప్పను. తిరుగు దారి మాత్రం ఆ వంతెన మీదుగానే. ట్రోళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి.