ఓడిపోయే వెసులుబాటు

ఇంటిపేరు చూసి జనం ఓట్లేస్తారని, అందుకే వారసులు గెలుస్తారని మనకో నమ్మకం. విశాఖ లెక్కలు దానికి సాక్ష్యం చెప్పవు.

2019లో మా కంచరపాలెం ఓటర్ల ముందుకు టీడీపీ ఎంపీ అభ్యర్థిగా వచ్చిన శ్రీభరత్‌కు కుటుంబ బలం తక్కువేం కాదు. తాత ఎంవీవీఎస్ మూర్తి గీతం విద్యాసంస్థల వ్యవస్థాపకులు, 1991లోనూ 1999లోనూ ఇక్కడి ఎంపీ. తల్లి వైపు తాత కావూరి సాంబశివరావు కేంద్రమంత్రిగా చేశారు. మామగారు బాలకృష్ణ. అయినా తొలిసారి బరిలోకి దిగిన బిల్డర్ ఎంవీవీ సత్యనారాయణ చేతిలో నాలుగు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. అదే మనిషి 2024లో 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఈ అయిదేళ్లలో తాతలు మారలేదు, పొత్తులు మారాయి. మొదటిసారి జనసేన తరఫున విడిగా పోటీచేసిన లక్ష్మీనారాయణకు రెండున్నర లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. రెండోసారి టీడీపీ, జనసేన, బీజేపీ ఒక్కటయ్యాయి. పైగా రాష్ట్రమంతా ప్రభుత్వ వ్యతిరేక గాలి. ఆ గాలిలో శ్రీభరత్ చేతిలో ఓడిన ఝాన్సీ కూడా మాజీ ఎంపీయే, బొత్స సత్యనారాయణ గారి సతీమణి.

మరి కుటుంబం ఇచ్చిందేమిటి? గెలుపు కాదు. ఓడిపోయాక కూడా బరిలో మిగిలే వెసులుబాటు.

పక్కనే విజయనగరం చూడండి. అశోక్ గజపతిరాజు కూతురు అదితి 2019లో ఓడిపోయారు. 2024లో మళ్లీ టికెట్ వచ్చింది, 60 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అదే ఎన్నికల్లో చీపురుపల్లిలో ఓడిన బొత్స, ఆగస్టుకల్లా విశాఖ స్థానిక సంస్థల కోటాలో ఏకగ్రీవంగా ఎమ్మెల్సీ అయ్యారు. వీళ్లకు సమర్థత లేదని నేననను. సమర్థత నిరూపించుకోవడానికి రెండో అవకాశం దొరికిందంటాను.

జెండా మోసే మా వీధి కార్యకర్తకు ఆ రెండోసారి ఉండదు. లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితే 95 లక్షలు. అంతదాకా ఎందుకు, కార్పొరేటర్‌గా ఒకసారి ఓడితే చాలు, అప్పు తీరేసరికి పిల్లల చదువు అయిపోతుంది. పార్టీ ఆఫీసులో కుర్చీ కూడా వేరేవాళ్లది అవుతుంది.

అసలు ఓడడానికైనా ఎన్నిక జరగాలి కదా! మా విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి 2007లో ఎన్నికలు జరిగాయి, ఆ తర్వాత మళ్లీ 2021లోనే. పాలకవర్గం గడువు 2012లో ముగిస్తే, తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. నీళ్ల కోసం, కాలువ పూడిక కోసం తిరిగి తిరిగి పేరు తెచ్చుకున్న కుర్రాళ్ల తరం ఒకటి వార్డు మెట్టు దగ్గరే ఆగిపోయింది. కింద మెట్టు తీసేశాక పైమెట్టు మీద పుట్టినవాళ్లే కనిపిస్తారు.

వారసుల పోటీని నిషేధిస్తే పోదా అంటారు కొందరు. ఫిలిప్పీన్స్ 1987లో తన రాజ్యాంగంలోనే రాజకీయ వంశాలు వద్దని రాసుకుంది. ఎవరిని వంశం అనాలో చట్టసభ తేల్చాలంది. ఆ చట్టసభ నిండా ఆ కుటుంబాలవాళ్లే. మూడు దశాబ్దాలు దాటినా సమగ్ర చట్టం చేయలేదు. 2016లో చేసిన కట్టడి యువజన మండళ్లకే పరిమితం: పదవిలో ఉన్నవారి దగ్గరి బంధువులు అక్కడ పోటీ చేయకూడదు. పిల్లలకు నిబంధన, పెద్దలకు మినహాయింపు!

నాకు నిషేధాల మీద గురి లేదు. ఎవరి కొడుకైనా పోటీ చేయనివ్వండి. స్థానిక ఎన్నికలు మాత్రం అయిదేళ్లకోసారి, రాజ్యాంగం చెప్పినట్టే జరపండి. నిజాయితీగా పోరాడి స్వల్ప తేడాతో ఓడిన వార్డు అభ్యర్థికి మళ్లీ బీ-ఫారం ఇవ్వండి. నాలుగు వేల ఓట్ల ఓటమిని పెద్దింటి బిడ్డకు మన్నించిన పార్టీలు, నలభై ఓట్ల ఓటమిని పేదింటి బిడ్డకు మన్నించలేవా?