బాల్డర్స్ గేట్ 3: ఆడఁదగినదేనా?

మొదటి రెండుభాగముల నాడనివారు మూఁడవదాని నాడవచ్చునా యని సందేహింప నక్కఱలేదు. బెల్జియము దేశపు లారియన్ స్టూడియోస్‌వారు 2023లో వెలువరించిన యీ వీడియో క్రీడలోని కథ, 2000లో వచ్చిన రెండవభాగపు కథకు నూఱేండ్లకుఁ బైగా గడచిన పిమ్మట జరుగును.

మెదడునఁ బురుగు చొప్పింపఁబడిన బందీలు తప్పించుకొని, దానిని వెడలించు నుపాయమును వెదకుటయే కథ. మాటతో నొప్పింపఁజూచునెడ నిరువది ముఖముల పాచిక పడును. అది యెదురు తిరిగినను కథ యాగదు. వేఱు దారిఁ బట్టును. యుద్ధము వంతులవారిగా సాగును గాన, ఒంటిగా నాడునపుడు పొయ్యిపైఁ బాలు పొంగినచో లేచిపోవచ్చును, శత్రువు వేచియుండును.

నూఱు గంటలైనను పట్టవచ్చును. రక్తపాతమును శృంగారమును మెండు గాన బిడ్డల కిది తగదు. ఇతరుల నిర్ణయములకే తలయొగ్గి యలసిన గృహిణికి, తన యెంపికకుఁ దానే ఫల మనుభవించు నీ యాట యాడఁదగినదే.