కొలువులకు చీట్లు

ఎలుకపై కోపముతో నింటికి నిప్పు పెట్టుకొన్నట్లుండెను 2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ చేసిన పని. లంచగొండితనమును రూపుమాపుదుమని గ్రామ రెవెన్యూ అధికారుల పదవులనే రద్దుచేసిరి. లంచములు మ్రింగినవారు లేకపోలేదు. వారికి మేము వకాల్తా పుచ్చుకొనలేదు. దోషిని విచారించి దండింపక కొలువునే కూలద్రోయుట యే రాజనీతి? 1984లో పటేలు పట్వారీలను తొలగించినపుడు వంశపారంపర్యపు పెత్తనము పోయెను, అది మేలే. ఈ మాఱు పోయినది ఊరిలో సర్కారువారి కన్ను.

ఆర్మూరు పసుపు రైతునే చూడుడు. దుంప నాటినది మొదలు త్రవ్వువఱకు ఎనిమిది తొమ్మిది నెలలు. ఆ నడుమ నప్పు పుట్టవలెనన్న పాసుపుస్తకము కావలెను. అందు సర్వే నంబరు తప్పుపడెనా, ధరణి తొలినాళ్లలో దిద్దు నధికారము తహసీలుదారునకు సైతము లేదు. కలెక్టరునకు దరఖాస్తు పెట్టుకొనవలసినదే! గట్టెవరిదో యెఱిగి చెప్పువాడు ఊర లేడు.

అతడేమయ్యెను? రెండేండ్లు స్థిరమైన విధి లేక యుండి, 2022లో చీట్లు తీసి యితర శాఖలకు పంచబడెను. ఇట్లు చెదరినవారు అయిదువేలకు పైబడిరి. భూమి లెక్కలలో తల నెరసిన గుమాస్తా యే శాఖకు పోవలెనో నిర్ణయించినది వాని నేర్పు కాదు, డబ్బాలోని కాగితపు ముక్క! సంతలో లక్కీడ్రా కైనను ఇంతకంటె మర్యాద యుండును.

2025లో ధరణి పోయి భూభారతి వచ్చెను. ఆ సెప్టెంబరులోనే గ్రామపాలనాధికారులను పేర సుమారు 5,000 మందిని మరల నియమించిరి. పరీక్ష వ్రాసి వచ్చినవారు వెనుకటి గ్రామోద్యోగులే. పదవి యనవసరమైనచో మరల నేల తెచ్చిరి? అవసరమైనచో ఈ యయిదేండ్లు రైతు కచేరీల చుట్టు తిరిగిన కూలి యెవరిత్తురు?