సర్కారు దఫ్తరములు, పరదేశ పండితులు

ప్రజల బ్రతుకులకు సంబంధించిన గోప్యమైన సర్కారు లెక్కలను పరదేశ పరిశోధకులకు చూపవచ్చునా యను ప్రశ్న నేడు పెక్కు ప్రభుత్వముల యెదుట నిలిచియున్నది. జీతములు, జబ్బులు, పన్నులు, పింఛనులు, ఆస్తులు, కులములు అన్నియు మనిషి మనిషి పేరిట కంప్యూటరులలో చేరియున్నవి. వీనిని కూర్చి చదివిననేగాని యొక చట్టము పేదకు మేలు చేసెనో కీడు చేసెనో తేలదు. చదువనిచ్చినచో నొకరి గుట్టు రట్టగునేమో యని భయము. చదువువాడు పరదేశి యనగానే ఆ భయము రెట్టింపగును. మన దేశమునందు ఈ చర్చ తఱచుగా రెండు కేకలతో ముగిసిపోవుచున్నది. తాళము వేయుడని కొందఱు, తలుపులు బార్లా తెఱవుడని కొందఱు. ఈ రెంటికి నడుమ నొక త్రోవ గలదని జర్మనీ దేశము కొంతవఱకు నిరూపించినది. ఆ త్రోవ యెట్టిదో మనము తెలిసికొనవలసియున్నది.

జర్మనీనే యేల చెప్పవలెననగా, లెక్కల వలన కలుగు కీడు ఆ దేశమునకు తెలిసినంతగా వేఱొకరికి తెలియదు. 1939 మే 17 నాటి జనగణనలో హిట్లరు ప్రభుత్వము ప్రతి మనిషిని వాని తాతలు, అవ్వలు నలుగురిలో ఎవరు యూదులో ప్రత్యేకముగా ఒక కార్డుపై వ్రాయుమని అడిగినది. తరువాతి కథ లోకమెఱుగును. జర్మను సేనల యేలుబడిలో నున్న ఆమ్‌స్టర్‌డాము నగరమున 1943 మార్చి 27వ తేదీ రాత్రి డచ్చి దేశభక్తులు జనాభా దఫ్తరపు కచేరీకి నిప్పు పెట్టిరి. లెక్కల పుస్తకమును తగులబెట్టుటయే దేశసేవయైన కాలమది.

ఈ జ్ఞాపకము చల్లారలేదు. 1983లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వము జనగణన తలపెట్టగా ప్రజలు తిరుగబడిరి. ఆ యేడు డిసెంబరు 15వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానము, తన్ను గూర్చిన వివరములు ఎవరికి ఎంతవఱకు తెలియవలెనో నిర్ణయించు హక్కు మొదట ఆ మనిషిదే యని తీర్పు చెప్పినది. జనగణన 1987 వఱకు ఆగిపోయినది. అయితే, ఆ 1987లోనే చేసిన గణాంక శాసనము పండితులకు ప్రత్యేకముగా ఒక ద్వారము నిర్మించినది. మితిమీరిన కాలము, ధనము, శ్రమ వెచ్చించిననేగాని మనిషిని గుర్తింపరాని విధముగా సవరించిన వివరములను స్వతంత్ర పరిశోధనా సంస్థలకు ఈయవచ్చునని ఆ శాసనము చెప్పుచున్నది. ఎక్కువ భయపడిన దేశమే శాసనముచే ద్వారము పెట్టుట గమనింపదగినది. భయమును చట్టముగా మార్చిరి కాని సాకుగా మార్చలేదు.

ఇక న్యూరెంబర్గు నగరమునకు వత్తము. అచ్చటి కేంద్ర ఉద్యోగ సంస్థకు చెందిన పరిశోధనాలయములో 2004లో ఒక పరిశోధక కేంద్రము తెఱవబడినది. సాంఘిక బీమా నిమిత్తము యజమానులు పంపు నివేదికలే దాని మూలధనము. పశ్చిమ భాగమునకు 1975 నుండి, తూర్పు భాగమునకు ఏకీకరణానంతరము నుండి, ఏ కార్మికుడు ఏ తేదీన పనిలో చేరెనో, ఏ తేదీన మానెనో, ఎంత కూలి పుచ్చుకొనెనో అందుండును. సర్కారు శాశ్వతోద్యోగులును, స్వంత వ్యాపారులును అందు లేరు. చూడగోరు పండితుడు తన ప్రశ్న యేమో ముందుగా వ్రాసి దరఖాస్తు పెట్టుకొనవలెను. కార్మిక మంత్రిత్వశాఖ సమ్మతింపవలెను. పిమ్మట ఒడంబడిక. అప్పుడు గాని గదిలో ప్రవేశము దొరకదు. పేర్లు తీసివేయబడిన వివరములే అతని కంటబడును. ఆ కంప్యూటరునుండి ఇంటర్నెట్టునకు దారి లేదు. తేలిన ఫలితములను సిబ్బంది పరీక్షించి పంపిననేగాని ఒక్క పట్టికయు గడప దాటదు. ఒకే యొక పెద్ద మిల్లు గల ఊరిలో మిక్కిలి పెద్ద జీతగాని జీతమెంతయో పట్టికలో చూపినచో పేరు చెప్పనక్కఱలేదు గదా! అట్టి గళ్ళను వారు తుడిచివేయుదురు.

ఇంతవఱకు ఇది స్వదేశ వ్యవహారము. అమెరికాలోని పండితుడు ప్రతి పట్టికకు న్యూరెంబర్గు రావలసినదేనా? 2011 ప్రాంతమున వారు ఇందుకొక ఉపాయము పన్నిరి. మిచిగను విశ్వవిద్యాలయముండు ఆన్ ఆర్బరు పట్టణమున అట్టి కట్టుదిట్టములతోనే ఒక గదిని ఏర్పఱచిరి. తరువాత కార్నెలు, బర్కిలీ మున్నగు చోట్లకు అది వ్యాపించినది. ఆ గదిలోని యంత్రమునకు తెఱయు మీటలును తప్ప జ్ఞాపకశక్తి యనదగినది లేదు. లెక్క జరుగుట న్యూరెంబర్గులోనే. ఇచ్చట తెఱపై కనబడునది దాని నీడ. మన పల్లెలలో 1984 వఱకు కరణములుండిరి. అడంగలు చూడవలసిన రైతు కరణముగారి అరుగుపై కూర్చుండి చూచుకొని పోవలెనేగాని పుస్తకమును చంకబెట్టుకొని పోవుటకు వీలులేదు. (చూపినందుకు కరణముగారు పుచ్చుకొను దక్షిణ వేఱు సంగతి.) న్యూరెంబర్గువారు చేసినదియు నిదియే. వారి అరుగు మాత్రము అట్లాంటికు సముద్రమునకు ఆవలి దాక సాగినది.

ఫలితమేమన, బర్కిలీలోని డేవిడ్ కార్డు, పాట్రిక్ క్లైను అను ఆచార్యులు, న్యూరెంబర్గు సంస్థకు చెందిన యోర్గు హైనింగుతో కలిసి 1985 నుండి 2009 వఱకు గల పశ్చిమ జర్మనీ కూలి లెక్కలను శోధించి 2013లో ఒక వ్యాసము ప్రకటించిరి. కూలిలో హెచ్చుతగ్గులు పెరుగుటకు కార్మికుల నేర్పులోని భేదము ఒక్కటియే కారణము కాదనియు, ఒకే నేర్పునకు ఒక సంస్థ హెచ్చుగాను మఱియొకటి తక్కువగాను చెల్లించుటయు, హెచ్చు కూలివారు హెచ్చుగా చెల్లించు సంస్థలలోనే కూడుటయు కారణములనియు తేలినది. జర్మనీ కార్మికునకు తెలియవలసిన సత్యము. చెప్పినవారిలో ఇద్దఱు పరదేశములో నుండువారు. స్వదేశి యొకడు సరిసమానముగా పాల్గొనినాడన్న మాటయు మఱవరాదు.

పేర్లు తీసివేసి వివరములను పంపివేసిన చాలదా, ఈ గదుల తంటా యెందుకని యడుగువారున్నారు. చాలదు. మసాచుసెట్సు రాష్ట్రమువారు పేర్లు తొలగించి యిచ్చిన ఆసుపత్రి లెక్కలలో, ఆ రాష్ట్ర గవర్నరుగా నుండిన విలియం వెల్డుగారి రోగ వివరములను లటాన్యా స్వీనీ యను విద్యార్థిని 1997లో కనిపెట్టినది. ఆమెకు కావలసివచ్చినదెల్ల ఓటర్ల జాబితా మాత్రమే. పుట్టిన తేదీ, స్త్రీపురుష భేదము, తపాలా సంఖ్య మూడును కలిసిన పేరు దానంతట అదే బయటపడినది.

అయినను గదులు సర్వరోగ నివారిణి కావు. తెఱపై చూపుటయు పంపుటతో సమానమేయని ఐరోపా వివర రక్షణాధికారుల మతము. అమెరికాకు వివరములు పంపు ఏర్పాటును ఐరోపా న్యాయస్థానము 2020 జూలై 16న కొట్టివేసిన పిమ్మట ఈ చిక్కు బిగిసినది. మఱియొక లోపము న్యాయమునకు సంబంధించినది. అమెరికా జనగణన శాఖ తన గోప్య లెక్కలను చూచువారిచే జీవితాంతము కట్టువడు ప్రమాణము చేయించును. తప్పినచో 5 సంవత్సరముల ఖైదు గాని, 2,50,000 డాలర్ల జుల్మానా గాని, రెండును గాని. మంచిదే. కాని గడచిన 5 సంవత్సరములలో 3 సంవత్సరములు అమెరికాలో నివసింపని పరదేశికి ఆ ప్రమాణము చేయు అర్హతయే లేదు. జర్మను కూలిని ఆన్ ఆర్బరులో కూర్చుండి చూడవచ్చును. అమెరికను జనగణన గోప్య వివరములను న్యూరెంబర్గులో కూర్చుండి చూడ వీలులేదు. ఇచ్చుటయేగాని పుచ్చుకొనుట లేని ఈ బేరమును మనము తలవంచి అంగీకరింపవలసిన పని లేదు.

మన సంగతి యేమి? ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉపాధి కూలిని, పింఛనులను వ్రేలిముద్రల కార్డులతో చెల్లించు పద్ధతిని 157 మండలములలో, 1.9 కోట్ల జనులకు సంబంధించినంత మేర, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అను అమెరికా విశ్వవిద్యాలయముల ఆచార్యులు పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. సర్కారు చెల్లించితినన్న మొత్తమును, ఇంటింట విచారింపగా చేతికందినదన్న మొత్తమును సరిచూచిరి. కూలి త్వరగా అందినదనియు, నడుమ తినివేయుట తగ్గినదనియు తేలినది. పరదేశ విద్యాలయముల చూపు మన కూలివానికి ఉపకరించిన సందర్భమిది.

మఱుసటి యేడే రెండవ ముఖము కనబడినది. 2017 మే నెలలో బెంగళూరులోని ఇంటర్నెట్ అండ్ సొసైటీ కేంద్రమువారు నాలుగు సర్కారు వెబ్‌సైటులను పరిశీలించి, 13 కోట్లకు పైబడిన ఆధార్ సంఖ్యలు బట్టబయలుగా నున్నవని ప్రకటించిరి. బ్యాంకు ఖాతాల సంఖ్యలును అట్లే. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువి: ఉపాధి కూలి చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది మఱియొకటి. దానికి దరఖాస్తు లేదు, ప్రమాణము లేదు, గది లేదు. విద్వాంసునకు వీధి తలుపు వద్ద సవాలక్ష ప్రశ్నలు. దారిన పోవువానికి పెరటి తలుపు తెఱిచియే యున్నది!

2023 నాటి వ్యక్తిగత వివర రక్షణ శాసనము, ఒక్కొక్క మనిషి విషయమున నిర్ణయము చేయుటకు గాక కేవలము పరిశోధనకై వాడుకొనువారికి, నియమములకు లోబడి, మినహాయింపు నిచ్చినది. మినహాయింపు ఇచ్చుట వేఱు, గది కట్టుట వేఱు. ఆ గదికి తాళపుచెవి ఎవరి చేతనుండవలెననునది అన్నింటికంటె పెద్ద ప్రశ్న. లెక్కలు గల శాఖయే అనుమతించు శాఖయైనచో, తన లోపము బయటపెట్టు పరిశోధకునకు గోప్యమను పేరిట తలుపు మూయుట సులభము. జర్మనీ పద్ధతిలో మంత్రిత్వశాఖ సమ్మతి కావలసియుండుట మాకు నచ్చని యంశము. ఈ అధికారము శాసనసభకు జవాబుదారియగు స్వతంత్ర మండలికి ఉండవలెను. దరఖాస్తులు, నిరాకరణ కారణములు ప్రకటింపబడవలెను. పరదేశి యెవరైనను మన చట్టమునకు కట్టువడిన యొక భారత విశ్వవిద్యాలయముతో పూచీ పంచుకొని రావలెను. వాని దేశము మన పండితునకు అట్టి ద్వారమే తెఱవవలెను. గదులు మొదట తెఱవవలసినది కేంబ్రిడ్జిలోను బర్కిలీలోను కాదు, అనంతపురములోను వరంగల్లులోను.

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము ఇల్లిల్లు తిరిగి కులము, చదువు, ఆస్తి, అప్పు అడిగి వ్రాసికొన్నది. 2025 ఫిబ్రవరిలో మొత్తములను ప్రకటించినది. ఆ మొత్తముల వెనుక నున్న ఇంటింటి వివరములను ఎవరు, ఏ గదిలో, ఏ ప్రమాణము చేసి చూడవలెనో ఆ ప్రభుత్వము వచ్చు శాసనసభా సమావేశములలోనే చట్టముచే నిర్ణయింపవచ్చును.