బెల్లం, క్యాండీ క్రష్, మన ఇంజనీర్లు

మాది అనకాపల్లి. ఆఫీసులో ఊరి పేరు చెబితే చాలు, "ఈసారి బెల్లం పట్రా బాబూ" అంటారు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మాదొకటి. 1913 నుంచీ చెరకు మీద పరిశోధన జరుగుతున్న ఊరు. అలాంటి ఊళ్ళో బెల్లాన్ని ఒక్క మాటన్నా మేనమామని తిట్టినట్టే.

మా అమ్మకి ఆరేళ్ళుగా షుగరు. మొన్న సంక్రాంతికి వెళ్తే మూడు నెలల సగటు చూపించే రక్తపరీక్ష రిపోర్టు చేతిలో పెట్టింది. 9.4! "పంచదార ముట్టుకుని రెండేళ్ళయింది కదరా, ఎందుకు పెరిగిందో" అంటూనే టీలో బెల్లం ముక్క వేసుకుంది. అదేంటమ్మా అంటే, "బెల్లమేటి చేస్తాదిరా? ఒంటికి మంచిది, ఇనుముంటాది" అంది. డాక్టరుగారేమన్నారు అంటే, "తీపి తగ్గించమన్నారు, తగ్గించేను" అంది. ఆయన అబద్ధం చెప్పలేదు, అమ్మా అబద్ధం చెప్పలేదు. రెండు నిమిషాల్లో ఒక పేషెంటుని పంపించాల్సిన డాక్టరు అంతకంటే ఏం చెప్తాడు? బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉన్నదే, అని ఆవిడకి ఎవరూ విప్పి చెప్పలేదు. ఖనిజాలు కాసిని ఉన్నంత మాత్రాన షుగరు పెరక్కుండా పోదు.

ఆ రాత్రి అమ్మ మంచం మీద పడుకుని క్యాండీ క్రష్ ఆడుతోంది. ఎనిమిదొందల చిల్లర లెవెల్లో ఉంది. "చారల బిళ్ళనీ పొట్లం బిళ్ళనీ కలిపేవనుకో, అడ్డంగా మూడు వరసలు, నిలువుగా మూడు వరసలు పేలిపోతాయి" అని నాకే పాఠం చెప్పింది. ఇంగ్లీషు రాని మనిషి. ఎవరూ నేర్పలేదు, మాన్యువల్ చదవలేదు. ఓడిపోయి, మళ్ళీ ఆడి, రూల్సన్నీ తనే పట్టేసింది. షుగరున్న మనిషి ఉత్తుత్తి మిఠాయిల గుట్టంతా నేర్చేసుకుంది, నిజం బెల్లం సంగతి మాత్రం తెలీదు. తప్పెవరిదండీ? నన్నడిగితే మనదే. సాఫ్ట్‌వేర్ రాసే మనది.

మనం ఆరోగ్యం మీద ఏం రాశామో చూడండి. నేను పనిచేసిన ఒక కంపెనీలో వెల్‌నెస్ యాప్ పెట్టారు. రోజుకి ఇన్ని అడుగులు, ఇన్ని పాయింట్లు, పది ప్రశ్నల క్విజ్, గెలిస్తే కూపన్. మా టీములో ఒకడు బ్యాండు తీసి వాళ్ళ చంటాడి ఉయ్యాలకి కట్టి ఫస్టొచ్చాడు. దాన్ని "గేమిఫికేషన్" అన్నారు. గోడ మీది పోస్టరుకి స్కోరుబోర్డు తగిలిస్తే ఆటైపోదు. ఏం చేస్తే ఏమవుతుందో రూల్సే చెప్పాలి.

ఈ సంగతి మన పెద్దాళ్ళకి తెలుసు. వైకుంఠపాళిలో పాము మింగితే ఎందుకు మింగిందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. కాకపోతే అక్కడంతా పాచికల చేతిలోనే ఉంటుంది. "షుగరు మన రాత" అనుకునే మా అమ్మకి అలాంటి ఆటిస్తే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. అందుకే ఆట తయారుచేసేప్పుడు డాక్టరు పక్కనే కూర్చుని ఉండాలి.

ఇదేదో నా ఊహ కాదు. 1990ల్లోనే షుగరున్న పిల్లల కోసం ప్యాకీ అండ్ మార్లన్ అని సూపర్ నింటెండో ఆట వచ్చింది. రెండు ఏనుగుల తిండీ ఇన్సులినూ పిల్లలే చూసుకోవాలి. 59 మంది పిల్లలతో ఆర్నెల్లు చేసిన అధ్యయనంలో, అది ఆడినవాళ్ళు షుగరు గొడవలతో అర్జంటుగా డాక్టరు దగ్గరికి పరిగెత్తడం బాగా తగ్గింది. 2006 లో వచ్చిన రీ-మిషన్ ఆటలో క్యాన్సర్ కణాలని కాల్చాలి. 34 ఆస్పత్రుల్లో 375 మంది కుర్ర పేషెంట్ల మీద పరీక్షించి 2008 లో ఫలితాలు ప్రచురించారు. ఆడినవాళ్ళు మందులు ఎక్కువ క్రమంగా వాడారు. మన దేశంలో, ఢిల్లీ కంపెనీ జెడ్‌ఎంక్యూ 2005 లోనే ఎయిడ్స్ గురించి మామూలు మొబైళ్ళ మీద ఆడే ఆటలు తెచ్చింది. స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లో!

అదే 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కరప్టెడ్ బ్లడ్ అనే జబ్బు, ఒక్కచోటే ఆగిపోవాల్సింది, పెంపుడు జంతువుల ద్వారా ఊళ్ళమీద పడింది. కొందరు పారిపోయారు, కొందరు వైద్యం చేశారు, కొందరు కావాలనే అంటించారు. 2007 లో లాన్సెట్ వాళ్ళ అంటువ్యాధుల పత్రికలో దాని మీద వ్యాసమే వచ్చింది. 2020 లో మన వీధుల్లో మళ్ళీ అదే చూశాం కదా.

"ఆటాడితే షుగరు తగ్గిపోతుందేంటి?" అని ఎవరో ఒకరు అంటారు. తగ్గదు. మందులు వేసుకోవాల్సిందే. కానీ తన పళ్ళెంలో ఏముందో తెలీని మనిషికి మందొక్కటే ఇచ్చి పంపితే ఏం లాభం? 2023 నాటి ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి షుగరు.

మర్నాడు నేనూ అమ్మా గ్లూకోమీటరుతో పందెం వేసుకున్నాం. ముందు అంకె తను చెప్పాలి, తర్వాత చూడాలి. మొదటి రోజు రోజూ తాగే బెల్లం టీ, రెండో రోజు తీపి లేని టీ. రెండుసార్లూ గంట తర్వాత చూశాం. మొదటి రోజు అంకె అరవై ఎక్కువ. కాసేపు మీటరు వంక చూసి, "అయితే ఇదీ పంచదార చెల్లెలేనన్నమాట" అంది. నా ఆరేళ్ళ లెక్చర్లు చెయ్యలేని పని రెండు టీలు చేశాయి.

అదే ఫోన్లో ఎందుకు ఉండకూడదు? పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పండక్కి పరమాన్నం. కాస్త నడిస్తే ఏమవుతుంది, మాత్ర మర్చిపోతే ఏమవుతుంది, పంచదార తీసి బెల్లం వేస్తే గీత ఎంత లేస్తుంది? తప్పు ఫోన్లో చేస్తే కాళ్ళూ కళ్ళూ పోవు. ముఖ్యంగా అది తెలుగులో, మా అమ్మ మాట్లాడే తెలుగులో ఉండాలి.

నా రోజంతా అమెరికా ఆస్పత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో బగ్గులు ఏరడంతో సరిపోతుంది. మీలో చాలామందిదీ అంతే. ఉద్యోగం మానమనడం లేదు. నెలకి రెండు ఆదివారాలు చాలు. నా ఆదివారాలు రెడీ. బొమ్మలు గీసేవాళ్ళొకరు, ఓపికున్న డాక్టరొకరు కావాలి. ఆట పరీక్షించే మనిషి అనకాపల్లిలో ఉంది, ఎనిమిదొందల లెవెల్ దాటేసి.