వేసవి ల్యాబ్ తలుపు ఎవరికి తెరుచుకుంటోంది?

తేజస్ యుద్ధవిమానం ఎయిర్‌ఫ్రేమ్ బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్ పదార్థాలే. ఇలాంటి పదార్థాల మీద పనిచేసే రేపటి శాస్త్రవేత్తలు ఎవరో పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో తేలుతుందని అనుకుంటాం. చాలావరకు అంతకుముందే, బీటెక్ రెండో, మూడో ఏడాది వేసవిలోనే తేలిపోతోంది.

కాంపోజిట్లు పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. రెజిన్ పట్టించిన కార్బన్ ఫైబర్ షీట్లను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి. బయటకు తీశాక గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా కవరు విప్పకూడదు, విప్పితే తేమ చేరుతుంది. పొరలను సరైన కోణాల్లో పేర్చి, వాక్యూమ్ బ్యాగ్‌లో బిగించి, ఆటోక్లేవ్‌లో వేడి, ఒత్తిడి ఇవ్వాలి. లోపల మిగిలిన గాలిబుడగ పైకి కనిపించదు, బలాన్ని మాత్రం తినేస్తుంది. ఇది చేతికి అలవాటు కావాల్సిన పని. ఆటోక్లేవ్ లేని జిల్లా కాలేజీ విద్యార్థికి ఐఐటీలోనో జాతీయ ల్యాబ్‌లోనో దొరికే ఆ రెండు నెలలే దారి.

ఆ దారిలో మొదటి అడ్డంకి సిఫార్సు లేఖ. ప్రొఫెసర్‌కు ఎప్పుడు, ఎలా మెయిల్ రాయాలో చెప్పే మనిషి ఇంట్లో ఉండడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే మొదటి తరం విద్యార్థికి వేసవి అంటే కూలికి వెళ్లే కాలం. స్టైపెండ్ చివర్లో వస్తే రైలు టికెట్టుకు, మెస్ అడ్వాన్సుకు అప్పు చేయాలి.

కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లు కేటాయించాలని 2006 చట్టం చెబుతోంది. వేసవి శిక్షణను సాధారణంగా ప్రవేశంగా లెక్కించరు. అందుకే ఇక్కడ ఎంపిక ప్రొఫెసర్ ఇష్టానికే మిగిలిపోతోంది.

రెండు నెలల శిక్షణకూ రిజర్వేషనా, మెరిట్ ఏమైపోవాలి అంటారు. శిక్షణ నేర్పడానికే కదా! ముందే నేర్చుకుని రమ్మంటే, నేర్పే ఇల్లున్నవాళ్లకే అది దక్కుతుంది. కాంపోజిట్ల పాఠం తరచూ గడ్డి కలిపిన మట్టి ఇటుకతో మొదలవుతుంది. ఆ మట్టి తొక్కి గోడలు లేపిన కులాల పిల్లలను ల్యాబ్ గుమ్మం దగ్గర అనుభవం అడగడం ఏ న్యాయం?

1913లో బరోడా స్కాలర్‌షిప్ లేకుంటే అంబేడ్కర్ కొలంబియా చేరేవారు కాదు. సీటుతోపాటు ఖర్చూ కావాలని ఆయనకు అనుభవమే నేర్పింది. ఆయన వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్నప్పుడే, 1944లో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లు మొదలయ్యాయి.

కాబట్టి అడగాల్సినవి నాలుగు. దరఖాస్తు చేసినవారు, ఎంపికైనవారు ఏ వర్గాలవారో ఏటా ప్రకటించాలి. ప్రవేశాల నిష్పత్తినే ఇక్కడా పాటించాలి. మొదటి నెల స్టైపెండ్, ప్రయాణ ఖర్చు చేరకముందే ఇవ్వాలి. సిఫార్సు లేఖ బదులు విద్యార్థి సొంతంగా రాసిన ఒక పేజీని చూడాలి.

చివరి రెండింటికి పార్లమెంటు కదలాల్సిన పనిలేదు. ల్యాబ్ ఉన్న ప్రొఫెసర్, మనసున్న డీన్ వచ్చే వేసవికే చేయగలరు. క్యాంపస్‌లలోని అంబేడ్కర్ విద్యార్థి సంఘాలు మొదటి ప్రశ్నను సమాచార హక్కు దరఖాస్తుగా ఈ నెలలోనే వేయగలవు.