సీటు వచ్చింది, ఆ తర్వాత?

పదో తరగతి ఫలితాలు వెలువడగానే కర్నూలు, కడప జిల్లాల్లో ఎందరో తల్లిదండ్రుల చూపు ఇడుపులపాయ వైపు మళ్లుతుంది. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి అక్కడ ప్రాంగణం ఉంది. జనం దాన్ని ట్రిపుల్ ఐటీ అంటారు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్ల చదువు.

కోవిడ్ కారణంగా 2020లో ప్రవేశ పరీక్ష పెట్టినా, ఈ విద్యాసంస్థ అసలు పద్ధతి పదో తరగతి మార్కులతో సీటివ్వడమే. వసతి లేని ప్రభుత్వ బడుల్లో చదివిన వారికి అదనపు స్కోరు కలుపుతారు. గ్రేడులున్న కాలంలో అది 0.4 పాయింటు. కోచింగ్‌కు డబ్బులేని ఇంటి బిడ్డకు ఇది గొప్ప ఊరట.

అయితే ఆ స్కోరు గేటు వరకే తోడొస్తుంది. లోపల బోధన ఇంగ్లీషులో. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఇంగ్లీషు మూడో భాష. పైగా అక్కడ చేరినవారంతా తమ బడిలో ముందువరసలో నిలిచినవారే. అలాంటి తరగతిలో లేచి "నాకు అర్థం కాలేదు" అనడం నామోషీగా తోస్తుంది. ఆ మౌనమే వెనకబాటుకు మొదటి మెట్టు అని బోధనా వృత్తిలో మేము గ్రహించాం.

మదరసాల్లో 'తక్రార్' అనే అలవాటుంది. ఉస్తాద్ పాఠం ముగించాక విద్యార్థులు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు అదే పాఠాన్ని మిగతావారికి తిరిగి చెబుతారు. తెలియనిది అక్కడే బయటపడుతుంది, అక్కడే తీరిపోతుంది. హాస్టల్ గదిలో నలుగురు కలిసి రోజూ ఒక గంట ఇలా కూర్చోవడానికి ఖర్చేమీ లేదు. వచ్చిన భాషలో అర్థం చేసుకుని, ఇంగ్లీషులో రాయడం అలవడుతుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఫోన్లో "ఎన్ని మార్కులు?" అని అడిగేముందు "ఏ పాఠం కష్టంగా ఉంది?" అని అడగండి. మార్కులు తగ్గితే కొడుక్కి మరో అవకాశం ఇచ్చి, కూతుర్ని పీయూసీతో ఇంటికి రప్పించడం న్యాయం కాదు. ఆమె సంపాదించుకున్నది ఆరేళ్ల సీటు. మధ్యలో ఆపే ముందు, వెనకబడటానికి కారణమేమిటో ఆమె నోటే వినాలి.